పునాది క్రింది నేల: ఒక క్రొత్త లెక్క

పాఠశాల భవనమునకు ప్రారంభోత్సవము జరిగిన నాడు గోడలు నిలువుగను, నున్నగను ఉండును. రెండేండ్లు గడచిన పిమ్మట కిటికీ మూలనుండి వెండ్రుకవంటి బీట యొకటి బయలుదేరును. నాలుగవ యేట ఆ బీటలో రూపాయి బిళ్ళ దూరును. అప్పుడు పంచాయతీ సమావేశములో ఈ విషయము చర్చకు వచ్చును. కంట్రాక్టరు సిమెంటు తినినాడని యొకరు, ఇంజనీరు సరిగా చూడలేదని వేరొకరు అందురు. కొన్ని వేళల నిజము అదియే కావచ్చును. కాని అనేక పర్యాయములు తప్పు గోడలో నుండదు. కంటికి కనపడని నేలలో నుండును. ఆ నేల మొదటి దినముననే క్రుంగి ఆగిపోయిన ఎడల బాగుండెడిది. బంకమట్టి నేల అట్లు చేయదు. బరువు పెట్టిన నాటినుండి ఏండ్ల తరబడి, రానురాను మెల్లగా, క్రుంగుచునే యుండును.

ఎన్నాళ్ళకు ఎంత క్రుంగును? ఈ ప్రశ్నకు భవనము కట్టుటకు ముందే సరియైన జవాబు దొరికినచో గ్రామము సొమ్ము మిగులును. ఆ కప్పు క్రింద కూర్చుండు పిల్లలకు ప్రమాదము తప్పును. ఈ జవాబు కొరకు ప్రపంచమునందలి ఇంజనీరింగు శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దములుగా ఒక క్రొత్త గణితమును ఉపయోగించుచున్నారు. దానికి భిన్న కలన గణితము అని పేరు. పేరు పెద్దది. పంచాయతీ సభ్యులకు ఈ గణితముతో నేమి పని యని కొందరు అడుగవచ్చును. అందలి గుణకారములతో పని లేదు. దాని వెనుకనున్న భావము మాత్రము నేలపై బరువు పెట్టు ప్రతివారికిని అవసరమైనదే.

స్ప్రింగు, తేనె, బంకమట్టి

సైకిలు సీటుపై కూర్చున్నచో దాని క్రింది స్ప్రింగు వెంటనే క్రుంగి ఆగును. గంటసేపు కూర్చున్నను అంతకు మించి క్రుంగదు. లేవగానే యథాస్థితికి వచ్చును. దాని క్రుంగుదల బరువును బట్టి యుండును గాని కాలమును బట్టి యుండదు. ఇంగ్లండు దేశస్థుడగు రాబర్ట్ హుక్ ఈ నియమమును 1678లో వివరించెను.

చిక్కని తేనెలో గరిటె త్రిప్పి చూడుడు. మెల్లగా త్రిప్పిన చేతికి శ్రమ లేదు. వేగముగా త్రిప్పబోయిన తేనె అడ్డుకొనును. త్రిప్పుట మానినచో అడ్డుకొనుటయు మానును. గరిటెను వెనుకకు నెట్టదు. ఇచ్చట బలము జరిగిన దూరమును బట్టి కాక, జరుగు వేగమును బట్టి యుండును. 1687లో వెలువడిన తన మహాగ్రంథమున న్యూటను ద్రవముల విషయమై ఈ భావమునే ప్రతిపాదించెను.

మరి కుమ్మరి సారెపై నున్న మట్టి ఏ కోవకు చెందును? బొటనవ్రేలితో నొక్కినచో కొంత వెంటనే లోనికి పోవును, కొంత నిదానముగా పోవును. వ్రేలు తీసినచో కొద్దిగా పైకి పొంగును, మిగిలిన గుంట అట్లే నిలిచిపోవును. అందు స్ప్రింగు గుణము కొంత, తేనె గుణము కొంత కలదు. రొట్టెల పిండి తీరును ఇట్టిదే.

ఇంగ్లండులో జార్జి విలియం స్కాట్ బ్లెయిర్ అను శాస్త్రజ్ఞుడు మొదట రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రములో బంకమట్టి, నేలల గుణములను పరిశీలించి, పిమ్మట రెడింగు సమీపముననున్న పాడిపరిశ్రమ పరిశోధనాలయములో జున్నుగడ్డలపై పనిచేసెను. జున్ను తయారుచేయు పనివారు దానిని చేతితో నొక్కి, గట్టిదనమును ఇట్టే చెప్పగలిగిరి. వారి వ్రేళ్ళు కొలుచుచున్నది స్ప్రింగు గుణమా, తేనె గుణమా? రెండును గాదు, ఆ రెంటికి నడుమ నున్న దానినని అతడు నిశ్చయించి, 1940 దశాబ్దములో దానికి గణితరూపము కల్పించెను. చదువురాని పనివాని వ్రేలికొనలో నున్న జ్ఞానమును చులకన చేయక, దానికి లెక్క వెదకిన ఈ పెద్దమనిషి పద్ధతి మెచ్చదగినది.

సగము పర్యాయము చేయు లెక్క

ఆ గణితరూప మెట్టిది? బస్సు పోయిన దూరమును రోడ్డు ప్రక్కనున్న కిలోమీటరు రాళ్ళు చెప్పును. దూరము ఎంత త్వరగా మారుచున్నదో కనుగొన్నచో వేగము తెలియును. ఇట్లు మార్పు రేటును కనుగొను క్రియకు కలన గణితములో అవకలనము అని పేరు. దూరముపై ఈ క్రియను ఒక పర్యాయము జరిపిన వేగము వచ్చును. రెండవ పర్యాయము జరిపిన వేగమునందలి మార్పు, అనగా త్వరణము వచ్చును. ఒక పర్యాయమును జరుపకున్నచో దూరము దూరముగనే యుండును.

ఈ దృష్టితో చూచినచో స్ప్రింగు నియమము సున్న పర్యాయముల అవకలనము. తేనె నియమము ఒక పర్యాయపు అవకలనము. బంకమట్టి ఈ రెంటికి నడుమ నున్నది గనుక దానికి సున్నకును ఒకటికిని నడుమ నున్న భిన్నము కావలెను. ఒక పనిని ఒకసారి చేయవచ్చును, రెండుసార్లు చేయవచ్చును. సగముసారి చేయుట యెట్లు?

ఈ సందేహము పాతదే. 1695 సెప్టెంబరు 30వ తేదీన జర్మను తత్త్వవేత్త లైబ్నిట్జు, ఫ్రెంచి గణితజ్ఞుడు లోపితాలుకు వ్రాసిన లేఖలో దీనినే చర్చించుచు, చూచుటకు ఇది వింతగా నున్నను ఏనాటికైనను దీనినుండి ఉపయోగకరమైన ఫలితములు కలుగునను భావమును వెలిబుచ్చెను. ఒక సంఖ్యను ఏదో ఒకదానితో రెండు పర్యాయములు హెచ్చించినచో అది పదిరెట్లు కావలెననుకొందము. అప్పుడు ఒక్కొక్క పర్యాయము సుమారు 3.16తో హెచ్చింపవలెను. అట్లే, వరుసగా రెండు పర్యాయములు జరిపినచో ఒక పూర్తి అవకలనమునకు సమానమగు క్రియయే సగము అవకలనము. నార్వే దేశపు ఏబెల్ 1823లోను, ఫ్రాన్సు దేశపు లియువిల్ 1832లోను ఈ మార్గమున నడచిరి. 1967లో ఇటలీ భూభౌతిక శాస్త్రజ్ఞుడు మికేలే కపుటో, భూమి పొరలలో కంపనముల శక్తి క్షీణించు తీరును వివరించుటకు దీనిని మరియొక రూపమున ప్రవేశపెట్టెను. పని ఆరంభమున నున్న బరువు, క్రుంగుదల మొదలైన మామూలు కొలతలతోనే లెక్క మొదలిడుటకు వీలుండుటచే ఇంజనీర్లు ఆ రూపమును ఎక్కువగా వాడుచున్నారు.

ఇప్పుడు అంకెలలో చూతము. మార్పులేని బరువు క్రింద ఒక వస్తువు మొదటి దినమున 1 మిల్లీమీటరు క్రుంగినదనుకొందము. అది స్ప్రింగువంటి దైనచో ఇరువదియేడేండ్ల తరువాతను అదే 1 మిల్లీమీటరు. తేనెవంటి దైనచో ప్రతిదినము అంతే క్రుంగుచు, 10,000 దినములకు, అనగా సుమారు ఇరువదియేడేండ్లకు, 10 మీటర్లు దిగిపోవును. ఆ భిన్నము 0.3 అయిన వస్తువు ఏమి చేయును? 10వ దినమునకు 2 మిల్లీమీటర్లు, 100వ దినమునకు 4, 1,000వ దినమునకు 8, 10,000వ దినమునకు 16. కాలము పదిరెట్లు పెరిగిన ప్రతిసారియు క్రుంగుదల రెట్టింపగుచున్నది. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఏ గ్రామపు నేలవియు కావు. కాని మొదటి మూడు మాసములు చూచి ఇక క్రుంగుట ఆగినదని సంతోషించుట ఎందుకు తొందరపాటో ఇవి తెలుపును. ఆగలేదు, మెల్లబడినది.

పాత పుట చింపని రిజిస్టరు

ఈ గణితమునందు మరియొక విశేషము కలదు. మామూలు అవకలనము ఈ క్షణమున జరుగుచున్న మార్పును మాత్రమే చూచును. భిన్న అవకలనము గడచిన కాలము నంతటిని లెక్కలోనికి తీసికొనును. పంచాయతీ కార్యాలయములోని డిమాండు, వసూలు, బాకీల రిజిస్టరును తలచుకొనుడు. ఈ నెల వసూలు చూచి గ్రామస్థితిని చెప్పువాడు ఒక విధము. మొదటి పుటనుండి అన్ని బాకీలను చూచి చెప్పువాడు వేరొక విధము. భిన్న అవకలనము ఈ రెండవవాని వంటిది. అయితే అన్ని పుటలకును ఒకే విలువ నీయదు. ఇటీవలి పద్దులకు ఎక్కువ, పాతవానికి తక్కువ. పై 0.3 ఉదాహరణములోనే పదిరెట్లు పాతదైన సంఘటనకు సగము విలువ యుండును. ఎంత పాతదైనను ఏ పుటయు పూర్తిగా చింపబడదు.

నేలకు ఇట్టి జ్ఞాపకము ఎక్కడినుండి వచ్చినది? బంకమట్టి రేణువులు సన్నని పలకలవంటివి. వాని సందులలో నీరుండును. బరువు పడగానే దానిని మొదట మోయునది ఆ నీరే. నీరు మెల్లమెల్లగా పిండబడి ప్రక్కలకు పోగా, బరువు రేణువులపైకి చేరును. నీటి యొత్తిడి తగ్గిన పిమ్మట కూడ పలకలు ఒకదానిపై నొకటి సర్దుకొనుచుండును. కొన్ని సందులు ఒక దినములో సర్దుకొనును, కొన్ని ఒక యేట, కొన్ని ఇరువది యేండ్లకు. ఇన్ని విధముల వేగములు ఒకే గుప్పెడు మట్టిలో నున్నవి. పూర్వము ఇంజనీర్లు దీనికై పెక్కు స్ప్రింగులను, నూనె పాత్రలను కలిపి కూర్చినట్లు ఊహించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క సంఖ్య వెదకెడివారు. భిన్న కలనములో చాలవరకు రెండు సంఖ్యలు చాలును. ఒకటి నేల బిగువును, రెండవది ఆ భిన్నమును తెలుపును. తక్కువ సంఖ్యలతో పని జరుగుటయే ఈ పద్ధతికి గల ముఖ్యమైన మేలు.

నీరు పిండబడు తీరును లెక్కించు శాస్త్రమును కార్ల్ టెర్జాఘీ రూపొందించి, 1925లో ప్రకటించిన గ్రంథమున విశదీకరించెను. నేటికిని ఇంజనీర్లు పునాదుల లెక్కలలో దానినే ఆధారము చేసికొందురు. ఆ శాస్త్రము ప్రకారము నీరు పోవలసిన దారి రెట్టింపైనచో కాలము నాలుగు రెట్లగును. మొదటి దశలో క్రుంగుదల కాలముయొక్క వర్గమూలమును బట్టి పెరుగును. వర్గమూలమనగా సగము ఘాతము. ఆ విధముగా చూచినచో లైబ్నిట్జు సందేహించిన సగము టెర్జాఘీ లెక్కలో ముందే దాగియున్నది.

నేల జ్ఞాపకమునకు లోకమున మిక్కిలి పేరుపొందిన సాక్షి ఇటలీలోని పీసా గోపురము. 1173లో మెత్తని నేలపై దాని కట్టడము మొదలైనది. మూడంతస్తులు లేచునప్పటికి ఒరుగుట కనబడినది. యుద్ధముల కారణముగా పని దాదాపు నూరేండ్లు ఆగిపోయెను. ఆ నూరేండ్లలో క్రింది బంకమట్టి నీటిని వదలి బలపడినది. అట్లు ఆగకుండ ఒకే పర్యాయము కట్టియుండినచో గోపురము ఆనాడే కూలియుండెడిదని నేటి ఇంజనీర్ల లెక్కలు తెలుపుచున్నవి. పని 1272లో తిరిగి సాగినది. 14వ శతాబ్దములో గంటల అంతస్తు పూర్తియైనది. ఒరుగుట మాత్రము శతాబ్దముల తరబడి సాగినది. 1990లో గోపురమును సందర్శకులకు మూసివేసిరి. ఉత్తరపు ప్రక్కనుండి కొద్దికొద్దిగా మట్టి తీసి, సుమారు అర డిగ్రీ వెనుకకు తెచ్చి, 2001లో మరల తెరచిరి.

జపానులో ఒసాకా సమీపమున సముద్రములో మట్టి పోసి నిర్మించిన కన్సాయి విమానాశ్రయమును 1994లో ప్రారంభించిరి. క్రుంగుననియు, ఎంత క్రుంగుననియు ముందే లెక్క వేసిరి. కాని లోతున నున్న పాత బంకమట్టి పొరలు ఆ లెక్కలకు మించి క్రుంగినవి. మొదటి దీవి 10 మీటర్లకు పైగా దిగినది. భవనపు స్తంభములను జాకీలతో ఎత్తి, క్రింద ఇనుప పలకలు చేర్చుచు సరిచేయుచున్నారు. ధనము, సాధనములు సమృద్ధిగా నున్న చోటనే నేల ఇంతగా పరీక్ష పెట్టినది.

శిలయు కదలును

మెత్తని మట్టి క్రుంగుట వింతగాదు. శిల కూడ బరువు క్రింద కాలక్రమమున రూపు మారుననుట కొందరికి నమ్మశక్యముగా నుండదు. ఇంజనీర్లు దీనిని క్రీప్ అందురు. గట్టి శిలలలో ఇది మిక్కిలి స్వల్పము. ఉప్పుశిలలో మిక్కిలి అధికము. కొన్ని దేశములలో భూగర్భమునందలి ఉప్పుశిలలో గుహలు చేసి చమురును, వాయువును నిలువచేయుదురు. చుట్టునున్న ఉప్పు మెల్లగా లోనికి ఒరసికొని వచ్చి గుహ చిన్నదగుచుండును. ఎన్నేండ్లకు ఎంత చిన్నదగునో చెప్పుటకు చైనా పరిశోధకులు 2011లో భిన్న అవకలనముపై ఆధారపడిన నమూనా నొకదానిని ప్రకటించిరి. మన విశాఖపట్టణములోని ముడిచమురు గుహలు గట్టి శిలలో త్రవ్వినవి గనుక అచ్చట ఈ బాధ అంతగా లేదు. అదే పట్టణములో ఓడరేవు ప్రాంతమున మెత్తని సముద్రపు బంకమట్టి కలదు. కొద్ది దూరములోనే ఆ భిన్నము సున్నకు చేరువగా నున్న నేలయు, చాల దూరముగా నున్న నేలయు కలవన్నమాట. ప్రక్క ఊరి ట్యాంకుకు వేసిన పునాదినే మన ఊరిలోను వేయుమని కోరుట సరికాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఈ గణితమునకు హద్దులు కూడ ఉన్నవి. వానిని దాచుట మంచిది కాదు. ఇటలీలో వాయోంటు ఆనకట్ట జలాశయము ఒడ్డున నున్న కొండవాలు 1960 నుండి మెల్లగా జారుచు, నీటిమట్టము మారినప్పుడెల్ల వేగము మార్చుకొనుచుండెను. 1963 అక్టోబరు 9వ తేదీ రాత్రి ఆ వాలు ఒక్కసారిగా జలాశయములో పడగా, లేచిన నీటి కెరటము ఆనకట్ట పైనుండి దూకి దాదాపు 2,000 మంది ప్రాణములను హరించినది. ఆనకట్ట మాత్రము నిలిచియే యున్నది. ఇంతకు ముందు చెప్పిన సులభ నియమము రానురాను మెల్లబడు కదలికను చెప్పును గాని, చివరి దినములలో వేగము హెచ్చు కదలికను చెప్పదు. అందుకై పరిశోధకులు ఆ భిన్నమునే కాలముతో మారనిచ్చియు, శిలలోపలి పగుళ్ళను లెక్కలో చేర్చియు క్రొత్త నమూనాలు తయారుచేయుచున్నారు. ఈ గణితము ముందే యుండినచో ఆ విపత్తు తప్పెడిదని ఎవరైనను చెప్పిన నమ్మరాదు.

మన నల్లరేగడి విషయమును వేరుగా చూడవలెను. వానకు పొంగి, ఎండకు ముడుచుకొని, నెఱ్ఱెలు విచ్చు గుణము బరువు వలన కలుగునది కాదు, తేమవలన కలుగునది. ఆ కదలికకు క్రీప్ లెక్క చాలదు. అట్టి నేలలలో తేమ మారని లోతువరకు, సాధారణముగా మూడున్నర మీటర్ల వరకు, రంధ్రము చేసి, అడుగున గడ్డవలె వెడల్పు చేసి కాంక్రీటుతో నింపు పునాదులను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసినది. చిన్న భవనములకు కూడ ఇవి ఉపయోగపడుచున్నవి.

గ్రామ పంచాయతీ పనుల అంచనాలలో భిన్న అవకలనము కనుపించదు. అచ్చట పాత పద్ధతులే సాగుచున్నవి. అయినను ఏ పద్ధతికైనను ఆధారము నేల పరీక్షయే. చెదరని మట్టి నమూనాను లోతునుండి తీసి, ఇరువది మిల్లీమీటర్ల మందముగల బిళ్ళగా కోసి, ఉంగరములో నుంచి, ఇరువదినాలుగు గంటల కొకసారి బరువును రెట్టింపు చేయుచు క్రుంగుదలను గడియారమును చూచి కొలుతురు. ఈ పరీక్ష కొన్ని దినములు పట్టును. పని ఆలస్యమగుచున్నదని దానిని మానిపించుటకు సభ్యులు ఒత్తిడి తేరాదు.

కట్టడము పూర్తియైన పిమ్మట గ్రామములోనే చేయదగిన పని యొకటి కలదు. 60,000 లీటర్ల ఎత్తైన ట్యాంకు నిండినచో నీటి బరువే 60 టన్నులు. దాని ప్రతి స్తంభముపై నేలకు ఒక అడుగు ఎత్తున ఇనుప మేకు పాతించి, దూరముగా కదలని గట్టిరాతిపై వేరొక గుర్తు పెట్టించి, ఇంజనీరు తన లెవెలు యంత్రముతో కొలుచునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. మొదటి నెల చివర 3 మిల్లీమీటర్లు, పదవ నెల చివర 6 మిల్లీమీటర్లు వచ్చినవనుకొందము. నేల ఇదే తీరున నడచినచో నూరవ నెలకు, అనగా ఎనిమిదేండ్ల నాలుగు నెలలకు, 12 మిల్లీమీటర్ల దరి నుండును. అన్ని స్తంభములును సమముగా 12 దిగినచో పెద్ద చిక్కు లేదు. ఒకటి 4, మరియొకటి 20 దిగినచో దూలములు పగులును. కొలతలు మెల్లబడుటకు మారుగా వేగము హెచ్చుచున్నచో ట్యాంకును వెంటనే ఖాళీ చేయించి ఇంజనీరునకు తెలియజేయవలెను. పీసా గోపురమును 1911 నుండి క్రమముగా కొలుచుచుండుట చేతనే అది ఎంత వేగముగా ఒరుగుచున్నదో అచ్చటివారికి తెలిసినది. కొలత వ్రాయు పుస్తకములో తేదీతోపాటు ట్యాంకులోని నీటిమట్టమును కూడ వ్రాయించుడు. నిండు ట్యాంకు నాటి కొలతను ఖాళీ ట్యాంకు నాటి కొలతతో పోల్చినచో లెక్క తప్పును.